టీచరమ్మ పేరు పెట్టుకున్న బడి

మా టీచరమ్మ పోయింది. పొద్దున ఎప్పటిలాగే పిల్లల్ని బడి గేటు దగ్గర దింపి, వెనక సందులోంచి తన గదికి వచ్చి, మంచినీళ్ళు తాగి మంచం మీద ఒరిగింది. మళ్ళీ లేవలేదు. గోడకు ఇవతల ఆమె ప్రాణం పోతుంటే, అవతల బడిలో పిల్లలు ఎక్కాలు వల్లె వేస్తూనే ఉన్నారట. పక్కింటి ముసలమ్మ చూసి మా దుకాణానికి కబురు పంపింది. మా ఆయన బడికి పోయి, ఈ పూటకు సెలవివ్వమని పెద్దసారును అడిగాడు. ఆ సారు ఈ మధ్యనే బదిలీ మీద వచ్చాడు.

"ఎవరు పోయిన్రు?"

"బోర్డు మీద పేరున్నది గద సార్, ఆమెనే."

"ఆమె ఎప్పుడో పోయి ఉంటదనుకున్న. బతికున్నోళ్ళ పేరు బడికి ఎవలు పెడ్తరు?"

ఆ సారును నేనేమీ అనను. రోజూ పిల్లల్ని వెంటబెట్టుకుని గేటు దాకా వచ్చే ముసలామెను ఆయన చూస్తూనే ఉన్నాడు. బోర్డు మీది మనిషి ఆమే అని ఊళ్ళో ఒక్కరి నోటి నుంచీ మాట రాలేదు. అప్పటికే ఆమెను బోర్డుకెక్కించి చేతులు దులుపుకున్న ఊరు మాది.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే సడక్ మీద, రుద్రారం దాటాక వస్తుంది మా ఊరు. నా చిన్నప్పుడు, అంటే అరవైల మొదట్లో, ఇక్కడ బడి లేదు. మాలాంటి కోమటి ఇళ్ళలో మగపిల్లలకు దుకాణంలోనే లెక్కలు చెప్పేవాళ్ళు. కూలిళ్ళ గల్లీలో పిల్లలకు పశువులు, కలుపు, చిన్నపిల్లల్ని ఎత్తుకోవడం ఉండేవి. అలాంటి ఊరికి, భర్త పోయి, టీచరమ్మ పుట్టింటికి తిరిగొచ్చింది. నైజాం కాలంలో సంగారెడ్డిలో ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివింది. తెలుగు రాయడం, చదవడం ఇంట్లో కూడబలుక్కుని నేర్చుకున్నది. తండ్రి పోయాక ఇల్లు తనదైతే, ముందు సావిడి ఊడ్చి, గోడకు మసి పూసి, అదే బడి అన్నది. తను వెనక గదిలోకి మారింది. రెండింటికీ నడుమ ఒక దర్వాజా.

మా అమ్మ నన్ను తీసుకుపోయిన పొద్దు బాగా గుర్తుంది. అప్పట్లో పిల్లల ఈడు చూడటానికి ఒక పద్ధతి ఉండేది. కుడిచెయ్యి నెత్తి మీదుగా తెచ్చి ఎడమచెవిని పట్టుకోమనేవాళ్ళు. అందితే బడి ఈడు వచ్చినట్టు. నాకు అందలేదు. ఎంత సాగదీసినా వేళ్ళు జుట్టులోనే ఆగిపోతున్నాయి. నేను ఏడుపు అందుకున్నాను. మా అమ్మ నన్ను ఇంటికి లాక్కుపోబోతుంటే టీచరమ్మ నవ్వింది.

"చెయ్యి అందకుంటే ఏందమ్మా, చెవి వినవడ్తది గద. కూసోనియ్యి."

అందరూ ఆ పద్ధతి పిల్లల్ని వెనక్కి పంపడానికి వాడితే, ఆమె లోపలికి పిలవడానికి వాడేది. చెవిని దాటి మెడ దాకా చెయ్యి పోయే పెద్ద పిల్లలు సిగ్గుపడుతూ గడపలో నిలబడితే, "నీ చెయ్యి బారెడున్నది, బోర్డు తుడువనీకి పనికొస్తది, రా" అనేది.

ఆ బడికి గంట లేదు. టీచరమ్మే గంట. పొద్దున్నే కూలిళ్ళ గల్లీ చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి ఒక్కో వాకిట్లో నిలబడి పిల్లను పేరుపెట్టి పిలిచేది. ఆ పిల్ల బయటికి వస్తే గాని కదిలేది కాదు. వచ్చిన పిల్ల ఆమె వెనక నడిచేది. అలా గల్లీ అంతా తిరిగి, మా బజారుకొచ్చేసరికి వెనక పెద్ద బారు. మేము షావుకార్ల పిల్లలం ఆ బారు చివర్న కలిసేవాళ్ళం. మా నాయనమ్మకు ఇది కంటగింపు. "మనోళ్ళను ముందుగాల పిలిస్తే ఏం పోయింది ఆమెకు?" అని సణిగేది. ఒకసారి మా నాయనే ఆ మాట అడిగాడు. "మీ పిల్లలు నేను పిలువకున్నా వస్తరు సేటు, ఆ పిల్లలు పిలువకుంటే రారు" అన్నది. ఆమె మాటల్లో నాకు ఎప్పటికీ మరుపు రానిది ఇదే. అప్పుడు అర్థం కాలేదు.

ఒకనాడు గల్లీలో ఒక తల్లి వాకిలికి అడ్డంగా నిలబడింది.

"ఇయ్యాల రాదు టీచరమ్మా. కలుపుకు తీస్కపోతున్న."

"తీస్కపో. మేం గూడ వస్తం. ఎక్కాలు అక్కడనే చెప్త."

నిజంగానే తీసుకుపోయింది, మొత్తం బడిని. ఆమె ముందు వంగి కలుపు తీస్తూ "రెండొకట్ల" అనడం, మేము వెనక సాళ్ళలో వంగి "రెండు" అనడం. మధ్యాహ్నానికి చేను శుభ్రం. మా నాయన సడక్ మీంచి నన్ను చూసి మండిపడ్డాడు. మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగా అన్నం తినలేదు. నాకు మాత్రం రెండో ఎక్కం వచ్చేసింది. ఆ తల్లి మళ్ళీ ఎన్నడూ వాకిలికి అడ్డం నిలబడలేదు.

అలా పదేళ్ళకు దగ్గర పడుతుండగా ఊరి పెద్దలకు ఒక మంచి బుద్ధి పుట్టింది. బడిని సర్కారు బడి చేయించాలి, దానికి టీచరమ్మ పేరు పెట్టించాలి. మా నాయనా వాళ్ళూ సంగారెడ్డి చుట్టూ తిరిగి, పంచాయతీ సమితి వాళ్ళను బతిమాలి, సాధించారు. డప్పులు కొట్టి బోర్డు కట్టారు. టీచరమ్మ ఆ రోజు కొత్త చీర కట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అంత సంతోషం ఆమె ముఖంలో మళ్ళీ చూడలేదు.

మరుసటి వారం ట్రైనింగ్ అయిన సారు వచ్చాడు. సర్కారు బడిలో చెప్పాలంటే ట్రైనింగ్ కావాలి. ఆమెకు లేదు. ట్రైనింగుకు పంపమంటే వయసు దాటిందన్నారు. ఇంత తిరిగిన పెద్దల్లో ఒక్కరికైనా ఈ సంగతి ముందే అడగాలని తోచలేదు. నడిమి దర్వాజాను ఇటుకలతో మూసేశారు. ముందు భాగం సర్కారుది, వెనక గది ఆమెది.

నేను మా నాయనతో కొట్లాడాను. అంతకు ముందు ఆయనకు ఎదురు చెప్పి ఎరగను.

"ఆమెను బయట నిలబెట్టి పేరెందుకు నాయనా?"

"పేరు పెట్టినం గదనే. గింతకన్న ఏం జేస్తరు ఎవలైనా?"

ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మనసులో చెడ్డతనం ఉన్నవాడితో పోట్లాడవచ్చు, దండ వేసి బయటికి పంపినవాడితో ఏం పోట్లాడతాం?

టీచరమ్మ పోట్లాడలేదు. మర్నాడు పొద్దున యథాప్రకారం గల్లీ చివరికి పోయి మొదటి ఇంటి ముందు నిలబడింది. బారును తెచ్చి గేటు దగ్గర ఆగింది. చివరి పిల్ల లోపలికి పోయాక, గోడ వెంబడి తిరిగి వెనక సందులోంచి తన గదికి పోయింది. ఆమె సావిడిలోకి మళ్ళీ అడుగు పెట్టలేదు. నేను ఎప్పుడైనా పోతే మూసిన దర్వాజా పక్కనే మంచం వేసుకుని కూర్చునేది. పాఠం వింటూ ఉండేది. "సారు మంచిగనే చెప్తున్నడు, జెర జల్దీ చెప్తున్నడు" అని ఒకసారి అన్నది. ఇటుకల మీద చెయ్యి ఆనించి ఉన్నది అప్పుడు. నేను తల తిప్పుకున్నాను.

నాకు మేనబావతోనే పెళ్ళయింది కాబట్టి ఇల్లు మారింది గాని ఊరు మారలేదు. ఊరే మారింది. పటాన్‌చెరు వైపు కంపెనీలు లేచాయి. గల్లీలో తల్లీతండ్రీ ఇద్దరూ పొద్దున్నే ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వాకిట్లో వదిలి, పనికి పోవడం మొదలైంది. బీహారు నుంచి వచ్చినవాళ్ళు గుడిసెలు కిరాయికి తీసుకున్నారు. వాళ్ళ పిల్లల హిందీ మాట బడిలో ఎవరికీ తెలియదు. టీచరమ్మకు తెలుసు. పాత ఉర్దూ ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. "ఆజా బేటీ" అని పిలిచేది. తాళం వేసిన తలుపుల ముందు నుంచి కూడా పిల్లలు లేచి వచ్చేవాళ్ళు. ఆఖరుకు నా బిడ్డ కూడా ఆ బారు చివర్న కలిసింది, ఒకప్పటి నా చోట్లోనే.

టీచరమ్మ పోయిన రోజు సారు సెలవిచ్చాడు. పాపం, తెలిశాక దండ కూడా తెచ్చాడు. మా నాయన ఇంకో దండ తెచ్చాడు. నాకు ఆ దండల వంక చూడబుద్ధి కాలేదు.

మర్నాడు బడిలో గంట కొట్టారు, ఇప్పుడు గంట ఉంది కదా. నా బిడ్డ పలక పట్టుకుని వాకిట్లోనే నిలబడింది.

"పో బిడ్డా, టైమైంది."

"పిలువకుంట ఎట్ల పోతరమ్మా?"

దాన్ని బడిలో దించి, నేను గల్లీకి పోయాను. చివరి ఇంటి నుంచి మొదలుపెట్టాలని. వాకిళ్ళలో పిల్లలు నిలబడి ఉన్నారు. మొదటి ఇంటి దగ్గరే ఆగిపోయాను. ఆ పిల్ల పేరు నాకు తెలియదు. పక్క పిల్లది కూడా తెలియదు. బడికి ఆమె పేరు పెట్టుకున్నాం గాని, ఈ పేర్లన్నీ తెలిసింది ఆమెకు ఒక్కదానికే. "రా బిడ్డా" అన్నాను. ఆ పిల్ల తల్లి వైపు చూసింది.

"మా పిల్లతోని నీకేం పనమ్మా?" అన్నది తల్లి. కోపంగా కాదు, నిజంగా తెలియక. "షావుకారి కోడలివి నువ్వు. ఇంట్ల పనికా?"

కాదన్నాను. బడికన్నాను. ఆమె తలూపింది, నేను పోతే చాలన్నట్టు. కాసేపటికి చేతిలో కొడవలి, వెనక ఆ పిల్ల, ఇద్దరూ చేనుకు పోయారు.

వారం తిరిగేసరికి వాకిళ్ళు ఖాళీ అయ్యాయి. ఇక లాభం లేదని తెలిసి కూడా నేను రోజూ పోయి చూస్తున్నాను. ఇవాళ పొద్దున ఒక్క బీహారు పిల్ల ఉన్నది. తాళం వేసిన తలుపు ముందు, చంకలో పలకతో కూర్చుని ఉంది. "ఆజా బేటీ" అన్నాను. పిల్ల లేవలేదు. నన్ను దాటి, గల్లీ మలుపు వైపే చూస్తున్నది.