తొంభై సెకన్లలో శ్రీరామ

ఈ రోజు నా మెదడు వేగం కొలిచారు. నాకు మల్టిపుల్ స్క్లీరోసిస్ అనే నరాల జబ్బు ఉంది కాబట్టి ఏటా ఈ పరీక్ష తప్పదు. కాగితం నిండా వరుసగా గుర్తులుంటాయి. ఏ గుర్తుకు ఏ అంకె అన్నది పైన చూపిస్తారు. అది చూసుకుంటూ తొంభై సెకన్లలో వీలైనన్ని అంకెలు నింపాలి. నిరుటికంటే తగ్గితే మందు మార్చి ఇంజెక్షన్లు మొదలుపెట్టాల్సి రావచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు. నాకు సూదంటే చచ్చేంత భయం.

గోపాలపట్నం నుంచి ఉదయమే ఆసుపత్రికి వెళితే మూడు గంటలకు పిలుపు వచ్చింది. పరీక్ష పెట్టే అమ్మాయి స్టాప్‌వాచ్ నొక్కి "రాయండి" అంది. నేను అలవాటుగా కాగితం కళ్లకద్దుకుని, పైన "శ్రీరామ" అని రాశాను.

"ఏటి రాత్తన్నారమ్మా? టైం అయిపోతంది!"

"రామనామం రాయకుండా నాను ఏదీ మొదలెట్టనమ్మా."

"రాముడికి ఇక్కడ మార్కుల్లేవమ్మా, గుర్తులు సూడండి!"

నిరుటికంటే ఆరు తగ్గాయి. డాక్టరు గారు నొసలు ముడిచి కాగితం చూస్తుంటే, మెల్లగా సంగతి చెప్పాను. ఆయన నవ్వేసి, ఇప్పటికి పాత మందే వాడమని, వచ్చే నెల మళ్లీ పరీక్షకు రమ్మని అన్నారు. ఆ మాట చీటీ మీద రాయబోతూ, ముందు పైన తీరిగ్గా "ఓం" అని రాసుకున్నారు. ఆయన పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరూ లేరు.

వచ్చే నెల పెన్ను కాస్త ముందే ఇమ్మని అడగాలనుంది. అడగమంటారా?