అవ్వ నాతో చెప్పించిన తప్పు

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సు కిటికీలోంచి పురుగుమందు వాసన కొట్టగానే ఇప్పటికీ కొంగు ముక్కుకు అదుముకుంటాను.

నా చిన్నప్పుడు చలికాలమంతా మా ఊళ్లో బెల్లం వాసనే. గానుగ దగ్గర పెద్ద పెనంలో చెరుకురసం మరుగుతుంటే పిల్లలం మోదుగాకులు పట్టుకుని నిలబడి, వేడి పాకం ఊదుకుంటూ నాకి, నాలుకలు కాల్చుకుని, పిప్పి కుప్పల మీద దొర్లేవాళ్లం. ఆ రోజూ నాకు ఆ తొందరే. పొలంలో మందు కొట్టి వచ్చిన బాపు, మిగిలింది ఒక సీసాలో పోసి, "కొట్టంల పైన పెట్టు బిడ్డా" అన్నాడు. కొట్టం పెరటి చివర ఉంది. నేను వంటింటి గూట్లో పెట్టి ఉరికాను. అప్పుడు నాకు పదేళ్లు.

అవ్వ, అంటే మా నానమ్మ, దగ్గు కషాయం దాచేది ఆ గూట్లోనే. ఆమె కళ్లకు పొర కమ్మింది. ముక్కుపొడి పీల్చి పీల్చి వాసనా తెలిసేది కాదు. సాయంత్రం ఆరేళ్ల మా చెల్లె లచ్చి దగ్గుతుంటే, చేతికందిన సీసాలోంచి పోసి తాగించింది.

"చేదున్నదవ్వా."

"చేదుంటనే తగ్గుతది, మింగు."

బోధన్ దవాఖాన చేరకముందే లచ్చి పోయింది.

బాపు అడిగితే, కొట్టంలోనే పెట్టానన్నాను. నా అబద్ధం వల్ల, కొట్టంలోంచి సీసా తెచ్చింది అవ్వేనన్న నింద పడింది. ఆమె ఎవరితోనూ వాదించలేదు, అన్నం మానేసింది. నాలుగో రోజు ఆమె పక్కన కూర్చుని, "గూట్ల పెట్టింది నేనే అవ్వా" అన్నాను. ఆమె నన్ను కొట్టలేదు. బాపును పిలిచి ఆయన ముందు మళ్లీ చెప్పించి, నా చెయ్యి పట్టుకుని వాడలోకి నడిచింది.

"నువ్వు చేసింది నువ్వు చెప్పు. నేను చేసింది నేను చెప్త."

"చెప్తే లచ్చి వస్తదా?"

"రాదు. ఇంకో ఇంట్ల గిట్ల కావద్దు."

ఇల్లిల్లూ తిరిగాం. కొందరు నన్ను తిట్టారు. చాంద్‌బీ చాచీ మాత్రం లోపలికి పోయి, మంచం కింది మందుసీసా తీసి అటక మీద పెట్టింది. చివరి ఇంటికి వచ్చేసరికి నేను అవ్వ వెనక నక్కాను. నా మాట కూడా అవ్వే చెప్పింది.

ఇప్పుడు ఆ వాడ గుర్తుపట్టలేను. గానుగలు పోయాయి, చెరుకు పోయి వరి వచ్చింది, అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇళ్లలో మళ్లీ ఎవరికీ అలా జరగలేదని చాంద్‌బీ కోడలు చెప్పింది. మంచిదే అన్నాను. లచ్చికి ఒక్క ఫోటో కూడా తీయించలేదు. దాని ముఖం నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు.