పానా చుట్టూ తిరిగిన శని

ఎండకు కాగిన కేబుల్ తీగ వాసన ఎక్కడ తగిలినా కువైట్‌లో అబూ హలీఫాలోని మా పాత బిల్డింగ్ మిద్దె గుర్తొస్తుంది. ఆరేసిన దుప్పట్లు, వాటి నీడన ఎండుతున్న మామిడి ఒరుగులు, ఒంటికి అంటుకునే సముద్రపు జిడ్డు, శుక్రవారాల్లో కింది ఇళ్ల నుంచి ఎగదన్నే ఓళిగల నెయ్యి వాసన, వీటన్నిటి మధ్య మేం పిల్లలం దాగుడుమూతలాడిన పెద్ద డిష్షు. అదే మా టీవీ స్టేషన్.

దాని యజమాని, ఇంజనీరు, అనౌన్సరు అన్నీ రాజన్న మామే. కరీంనగర్ మనిషి, ఏసీ మెకానిక్. మొదట్లో తన గదిలో క్యాసెట్ పెట్టి తీగల మీద అన్ని ఇళ్లకూ సినిమా పంపేవాడు. అది అయిపోయేసరికి ఆయన నిద్రపోయి ఉంటే, చుక్కలు మిలమిలలాడే తెరనే భక్తిగా చూసేవాళ్లం. తర్వాత ఒక తెలుగు చానెల్‌తో పొత్తు. అది ప్రతి పండక్కీ పాత సినిమానే వేస్తోందని అలిగి ఇంకోదానితో పొత్తు. పొత్తు మారడమంటే సంతకాలు కావు, మామ పానా పట్టుకుని డిష్షును కాస్త పక్కకు తిప్పడమే.

ఆ రెండో చానెల్‌తో మా ఇంటికి శని పట్టింది. పొద్దున్నే అందులో ఒక పట్టుపంచె జ్యోతిష్కుడు రాశిఫలాలు చెప్పేవాడు. బస్సు డ్రైవరైన మా నాయన టీ చల్లారిపోతున్నా కదలకుండా వినేవాడు. సరిగ్గా అప్పుడే మిర్కాబ్‌లో ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణంలో అమ్మకు పని దొరికింది. ఆదివారం చేరకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామన్నారు. అమ్మది వృషభం. వృషభంవాళ్లు ఈ నెల కొత్త పని మొదలుపెట్టరాదని టీవీ తీర్పు. అమ్మ కుట్టు చూసి పిలిచినవాళ్ల మాటకన్నా, అమ్మ ముఖమైనా చూడని మనిషి మాటకే మా ఇంట్లో విలువ!

రుమైథియాలో ఇంటిపని చేసే పిన్ని ఫోన్లో నవ్వింది. "మా వంటింటి టీవీలో వృషభానికి రాజయోగమంట కదక్కా!" ఆమె చూసేది మేం వదిలేసిన మొదటి చానెల్.

శుక్రవారం అమ్మ మిద్దెక్కింది, వెనకాలే నేను.

"రాజన్నా, ఆ పాత చానెలే పెట్టు."

"ఏమైందక్కా? బొమ్మ మంచిగనే వస్తుంది గద?"

"బొమ్మ బాగనే వస్తాండాది. శనే బాగలేడు."

మామ పగలబడి నవ్వాడు. "డిష్షు తిప్పితే శని పోతడా?"

"నువ్వు తిప్పు. పోతాడో లేదో నేను చూసుకుంటా."

మర్నాడు పాత చానెల్ జ్యోతిష్కుడు వృషభానికి కొత్త కొలువు, పసుపు బట్ట అన్నాడు. నాయన తెరను ఎగాదిగా చూసి, "సరే, ఖలాస్. రేపు ఆ పసుపు చీర కట్టుకోని పో," అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే మెట్ల మీద కేకలు. కింది ఇంటి ఓబులేసు మామ, వృశ్చికరాశి, లుంగీతోనే మిద్దె మీదికి పరుగు. "రాజన్నా, నిన్నటిదాకా ఉండిన నా ధనయోగం యాడబోయిందప్పా?"

గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయని బడిలో చెప్పారు. మా బిల్డింగ్‌లో పానా చుట్టూ తిరిగేవి. గుట్టు అంత బట్టబయలైనా ఒక్కరంటే ఒక్కరు జ్యోతిషాన్ని అనుమానించలేదు. ఏ చానెల్ పెట్టాలన్నదాని మీదే కొట్లాడుకున్నారు!

ఇప్పుడా ఉమ్మడి స్టేషన్ లేదు. ఒకే సినిమాకు అన్ని తలుపుల వెనక నుంచీ ఒక్కసారే పేలే నవ్వూ లేదు. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి జ్యోతిష్కుడు వాళ్లకు. నాయన మాత్రం పొద్దున్నే ఫోన్‌లో వృషభం వెతికి, "ఏమే, ఈ పొద్దు నువ్వు గడప దాటొద్దంట!" అని వంటింటి వైపు కేకేస్తాడు.

అప్పటికి అమ్మ మిర్కాబ్ బస్సులో ఉంటుంది.