ఆ గట్టు మీద వెదురు నేను పీకలేదు

2023 ఆగస్టు. తిరువూరు చుట్టుపక్కల మెట్ట చేలన్నీ ఒక్క మంచి వాన కోసం ఎదురుచూస్తున్న రోజులు. నేను పద్దెనిమిదేళ్లుగా జేసీబీ నడుపుతున్నాను. చెరువుల్లో పూడిక తీశాను, మామిడి మొక్కలకు గుంతలు తవ్వాను, ముదిరిపోయిన తోటలు పీకాను కూడా. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. బండి ఎవరు మాట్లాడుకుంటే ఆ రోజంతా మాట వారిదే. దాన్ని నేను ఆ నెలలోనే మొదటిసారి తప్పాను. తప్పినందుకు ఈ రోజుకీ విచారం లేదు.

పెనుగొలను దారిలో ఉన్న చేనికి సాంబయ్య గారు పిలిపించారు. ఆయనా, తమ్ముడు కోటేశూ పొలాన్ని నోటిమాట మీద పంచుకున్నారు. పాస్‌బుక్కు మాత్రం ఇంకా అన్నగారి పేరుతోనే ఉంది. కోటేశు భార్య సీతారత్నం తమ వాటాలో గట్టు పొడవునా ఇరవై నాలుగు వెదురు పొదలు పెంచి, లోపల కంది, మినుము వేసింది. వాన ఎగ్గొట్టి పైరు పోయినా వెదురైనా నిలబడుతుందని ఆమె ధైర్యం. నాటి నాలుగేళ్లయింది, వచ్చే వేసవికి మొదటి కోత. గట్టుకు ఇవతల సాంబయ్య గారి పత్తి వాడిపోతోంది.

"ఈ వెదురే నా చేలో తడంతా తాగేస్తోంది. మొత్తం పీకి అవతల పడెయ్యి," అన్నారు సాంబయ్య గారు. "అయినా పాడె కట్టే చెట్టుని ఎవరైనా పొలంలో పెడతారా?"

సీతారత్నం బండికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"మీరు మామిడికాయలు కోసే దోటి ఏ చెట్టుదో చూసుకోండి బావగారూ. బతికున్నన్నాళ్లూ పనికొచ్చింది చచ్చాక మోస్తే తప్పొచ్చిందా?"

కోటేశు తల దించుకుని బొటనవేలితో మట్టి గీస్తున్నాడు. అన్న మాటకు ఎదురు చెప్పడం అతనికి పుట్టుకతోనే రాలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, గట్టు పక్కన ఆయన చేలో ఒక గుంత తవ్వు. మా వెదురు వేరు ఆయన పత్తిలోకి వెళ్లిందనుకో, నేనే పక్కకి తప్పుకుంటా. పీకేసుకో."

బండి వెనక ఉండే తవ్వే చేతిని బ్యాక్‌హో అంటాం. దాన్ని దించి నాలుగడుగుల లోతు తవ్వి, దిగి చూశాను. వేరు లేకపోతే బాగుండునని నా మనసులో ఉంది. కానీ ఉంది. సన్నటి వేళ్లు గట్టు దాటి పత్తి మొదటి సాలు దాకా పాకాయి.

సాంబయ్య గారు మీసం మీద చెయ్యి వేశారు. సీతారత్నం గుంత అంచున కూర్చుని వేళ్లను తడిమి చూసింది. "అన్న మాట అన్నాను. పీకు," అని పక్కకు జరిగింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను. మళ్లీ గుంతలోకి దిగి పైనుంచి కింది దాకా చూశాను. వేళ్లన్నీ పై రెండడుగుల మట్టిలోనే ఉన్నాయి. ఆ కింద ఒక్కటీ లేదు. ఇలాంటి చోట ట్రెంచ్, అంటే పొడవాటి కందకం, కొడితే చాలు.

"మూడడుగుల లోతున మీ తమ్ముడు వాళ్ల వైపే కందకం తవ్వుతానండి," అన్నాను పైకి వచ్చి. "వేళ్లు తెగిపోతాయి. ఏటా పూడిక తీసుకుంటే మళ్లీ ఇటు రావు. వాన పడితే నీళ్లూ అందులో నిలుస్తాయి."

"బండి మాట్లాడింది నేను," అన్నారాయన.

"మాట్లాడింది మీరేనండి. లీవరు మాత్రం నా చేతిలో ఉంది. పీకను."

"తిరువూరులో నీదొక్కటేనా బండి?" అంటూ ఆయన వెళ్లిపోయారు. సీతారత్నం సరేనంటే సాయంత్రానికి కందకం పూర్తి చేసి ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే ఇంకో బండి ఆ చేలోకి వెళ్లింది. దాని డ్రైవరు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, కోటేశంట, పొద మొదట్లో కూర్చున్నాడు. ఎంత చెప్పినా లేవట్లేదు. ఏం చెయ్యను?" నేను జవాబు చెప్పేలోపే ఫోన్లో కోటేశు గొంతు వినబడింది. మాట ఆగడం లేదు.

"కందకం తవ్వాక కూడా పీకాలంటే అది పత్తి కోసం కాదు అన్నయ్యా. మమ్మల్ని ఈ నేలలోంచి పీకడం కోసం. ముందు నన్ను పీకించు."

"బండి ఆపేసి టీ తాగు," అన్నాను డ్రైవరుతో. మధ్యాహ్నానికి ఆ బండి వెనక్కి వచ్చేసింది.

ఆ ఏడు పత్తి గట్టు పక్కనే కాదు, చేనంతా వాడింది. వాన లేకపోతే వెదురేం చేస్తుంది? సాంబయ్య గారూ, ఆయన బంధువులూ నన్ను మళ్లీ పనికి పిలవలేదు. పిలవకపోతే మానె.

నాలుగేళ్లు పెరిగిన పొదను పీకడానికి నాకు పది నిమిషాలు చాలు. అందుకే ఇప్పుడు ఎవరు పిలిచినా ముందు బండి దిగుతాను, గుంత తవ్వి కళ్లారా చూస్తాను. అక్కర్లేదనిపిస్తే పీకను. అంత తొందరగా ఉన్నవాళ్లు వేరే బండి చూసుకోవచ్చు.