మూసాపేటలో ఉండగానే ఇల్లు చేరాను

మా ఆఫీసులో ఆ కథ ఇప్పటికీ చెబుతారు. కొత్తగా చేరినవాళ్ళకి క్యాంటీన్‌లో టీ ఇప్పించి మరీ చెబుతారు. కంపెనీ మొత్తం పాత బ్రౌజర్ వదిలి కొత్తదానికి మారుతుంటే ఒక మేడమ్ అడ్డం పడిందట. అలవాటైనదాన్ని వదల్లేక గొడవ పెట్టుకుందట. ఆమె వల్లే అంతా ఆలస్యమైందట. చివర్లో నవ్వు. ఆ మేడమ్ నేనే. ఒకసారి పక్క బల్ల దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరిదాకా విన్నాను. చెబుతున్నవాడికి నా ముఖం తెలియదు. బాగానే చెప్పాడు. ఆలస్యమైందన్న మాట ఒక్కటే నిజం.

ఆ పాత బ్రౌజర్‌ని పంపించేయాలని మా కంపెనీలో మొదట నోరు తెరిచింది నేను. దాన్ని తయారుచేసినవాళ్ళే ఇక దాని బాగోగులు మాకు పట్టవని చేతులు దులుపుకున్నాక కూడా మా సెలవులు, జీతాలు, క్యాబ్‌లు అన్నీ దాని మీదే నడిచేవి. ఎవడైనా దాన్ని తోసుకుని మన కంప్యూటర్లలోకి రావచ్చు, మార్చండి బాబూ అని అడిగినప్పుడల్లా బడ్జెట్ లేదన్నారు. ఒక విదేశీ కస్టమర్ ముఖం చిట్లించేసరికి ఎక్కడినుంచో బడ్జెట్ ఊడిపడింది. ప్లాన్ వేసే పని నాకిచ్చారు. నా పైన అధికారిగా నాకంటే చాలా చిన్నవాణ్ణి పెట్టారు. గోదావరి జిల్లా మనిషి. ప్రతి మాటకీ అండి తగిలిస్తాడు. ఆ అండిలో ఎంత మర్యాద ఉందో అంత మొండితనమూ ఉంటుంది. మాది అనంతపురం. మా వైపు మొండితనానికి మర్యాద తొడగం.

ప్లాన్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఒక్కో డిపార్ట్‌మెంట్ వాడే సాఫ్ట్‌వేర్‌ని కొత్త బ్రౌజర్‌లో తెరిచి చూడాలి. పనిచేస్తే పట్టికలో దాని గడికి పచ్చ రంగు, చేయకపోతే ఎర్ర రంగు. కానీ మా హైటెక్ సిటీ అద్దాల మేడల్లో ఎర్ర రంగంటే అందరికీ చలిజ్వరం. ఎర్ర రంగు పెడితే మీటింగ్ పెడతారు, ఎందుకని అడుగుతారు, పైవాళ్ళకి సంజాయిషీ ఇవ్వాలి. అందుకని పేజీ తెరుచుకుంటే చాలు, పచ్చ. "తెరుచుకుంది కదా మేడమ్, గ్రీన్ పెట్టేయండి." తెరుచుకున్నాక ఏం చేసింది అని అడిగితే, పెళ్ళిచూపుల్లో పిల్ల ఎదురు ప్రశ్న వేసినట్టు చూసేవాళ్ళు.

నైట్ షిఫ్ట్ వాళ్ళని ఇళ్ళకి పంపే క్యాబ్‌ల డెస్క్‌ని నేను పరీక్షించకముందే మా అధికారి ప్రయోగంగా కొత్త బ్రౌజర్‌కి మార్చేశాడు. గడి పచ్చగా మెరిసింది. కొన్నాళ్ళకి మీటింగ్‌లో తెర మీద ఒక గ్రాఫ్ వేశాడు. అమ్మాయిలని ఇంటి దగ్గర దింపాక ట్రిప్పు ముగియడానికి ఇదివరకు చాలాసేపు పట్టేది, ఇప్పుడు చిటికెలో ముగుస్తోందట. "ఇదండీ కొత్త బ్రౌజర్ వేగం." అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. ఆ ట్రిప్పు ఎలా ముగుస్తుందో నాకు తెలుసు. నైట్ షిఫ్ట్ అమ్మాయిని దింపగానే డ్రైవర్ తన ఫోన్‌లో డ్రాప్ అని నొక్కుతాడు. వెంటనే ఆఫీసులో డెస్క్ కంప్యూటర్ తెర మీద ఒక చిన్న పెట్టె, గంట మోగిస్తూ పైకి లేస్తుంది. డెస్క్ మనిషి ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఇంట్లోకి చేరానని ఆమె గొంతుతో ఆమే చెబితే విని, అప్పుడు 'మాట్లాడాను' అని నొక్కాలి. ఫోన్ ఎత్తకపోతే బండిని, గార్డుని వెనక్కి పంపాలి. అమ్మాయిలు ఈ ఫోన్‌ని తిట్టుకునేవాళ్ళు. ఒకతె మెట్లెక్కుతుంటుంది, ఒకతె బ్యాగులో తాళం వెతుకుతుంటుంది. ఆలస్యం మనుషులది. అందుకే అడిగాను: "బ్రౌజర్ మార్చితే అమ్మాయిలు మెట్లు త్వరగా ఎలా ఎక్కుతున్నారు?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "మీరు భలే అంటారండి మేడమ్."

నవ్వుకోండి అనుకుని ఊరుకున్నాను. ఆ వారమే క్యాంటీన్‌లో ఒక అమ్మాయి ప్లేటు పట్టుకుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది. బాలానగర్ నుంచి వస్తుంది, ఆ రూట్లో చివరగా దిగేది ఆమే. ఇల్లు లేత్ మిషన్ షాపుల వెనక సందులో. క్యాబ్ ఆ సందులోకి పట్టదు.

"మేడమ్, డెస్క్ నుంచి ఇప్పుడు ఫోన్ రావట్లేదు. తీసేశారా?"

"ఎప్పటినుంచి?"

"కొత్త బ్రౌజర్ వచ్చిందన్నారు కదా, అప్పటినుంచి."

"హాయిగా ఉందా మరి?"

"మొదట హాయిగానే ఉండింది మేడమ్. కానీ సందులో నడుస్తున్నప్పుడు ఆ ఫోన్ వస్తుందని తెలిస్తే అదో ధైర్యం. ఎత్తకపోతే ఎవరో ఒకరు వస్తారు కదా. ఇప్పుడు నేను బండి తలుపు వెయ్యకముందే ఇల్లు చేరావని మెసేజ్ వస్తోంది." కాసేపు అన్నం కెలికింది. "ఎవరికి చెప్పాలో తెలియలేదు. మీరైతే అరుస్తారని అందరూ అంటారు."

నాకు దక్కిన సర్టిఫికెట్లలో అది మంచిదే.

తిన్నంత తిని నేరుగా డెస్క్‌కి వెళ్ళాను. దాన్ని చూసుకునే ఆయన నా ఈడువాడే, ఇక్కడి మనిషి.

"ఏంది మేడమ్, గిట్ల వచ్చిన్రు?"

"గంట మోగుతోందా?"

"లేదు. మస్తు శాంతిగున్నది. ఇంతకుముందు మోగి మోగి తలకాయ పగిలేది. ఇప్పుడు సాఫ్ట్‌వేరే అన్నీ చూసుకుంటున్నదంట కదా."

"ఎవరన్నారు?"

ఆయన ఆలోచించాడు. "మీరే అన్నరనుకున్న."

నా పేరు మీద, ఆ బాలానగర్ పిల్ల అడ్రసుకి ఒక క్యాబ్ పెట్టమన్నాను. "మధ్యాహ్నం పూట డ్రాప్ ఏంది మేడమ్?" అన్నాడు. "పరీక్ష. పెట్టె లేస్తే నాకు ఫోన్ చెయ్యి. లేవకపోతే చెయ్యకు. తెర ముందునుంచి మాత్రం కదలకు." అధికారిని అడగలేదు. అడిగితే దానికో మీటింగ్ పెడతాడు.

మూసాపేట మెట్రో స్టేషన్ కింద బండి పక్కకి ఆపించాను. డ్రాప్ నొక్కమన్నాను.

"ఇల్లు రాలే కదమ్మా?" అన్నాడు డ్రైవర్.

"రాలేదు. నొక్కు నాయనా."

నొక్కాడు. నేను రోడ్డు పక్క టీ బండి దాకా ఇంకా వెళ్ళనేలేదు, ఫోన్ కిచకిచలాడింది. మీరు క్షేమంగా ఇల్లు చేరారు, ధన్యవాదాలు. తల మీద మెట్రో రైలు ధడధడా పోతోంది. ఎదురుగా ఒకాయన బస్సు కండక్టర్‌తో పోట్లాడుతున్నాడు. నేను మాత్రం క్షేమంగా ఇంట్లో ఉన్నాను. టీ చెప్పి డెస్క్‌కి నేనే ఫోన్ చేశాను.

"పెట్టె లేచిందా?"

"ఏం లేవలే మేడమ్. మీ ట్రిప్పు అయిపోయింది. ఇగ మీరు ఇంట్ల ఉన్నరు."

"ఇంట్లో లేనయ్యా. మూసాపేటలో టీ తాగుతున్నా."

నెమ్మదిగా, "అయ్యో మేడమ్," అన్నాడు. అంతే.

ఆ సందు కూడా చూడాలనిపించి బాలానగర్ దాకా వెళ్ళాను. మధ్యాహ్నం కాబట్టి షాపులన్నీ తెరిచి ఉన్నాయి. ఇనుము కోసే చప్పుడు, నిప్పురవ్వలు, నూనె మరకల నేల. ఎవడు పిలిచినా ఎవడికీ వినపడదు. షట్టర్లు దించాక వినడానికి అసలు ఎవడూ ఉండడు. ఆ పిల్ల ఇంటి గేటుదాకా నడిచి వెనక్కి వచ్చాను.

జరిగింది ఇదీ. అడగకుండా పైకి లేచే పెట్టెల్ని కొత్త బ్రౌజర్ లేవనివ్వదు. ప్రకటనల బెడద తప్పించడానికి అలా చేశారు, మంచి అలవాటే. మా పాత సాఫ్ట్‌వేర్‌కి ఆ సంగతి తెలియదు. పెట్టె లేవకపోతే, మాట్లాడేశారు కాబోలు అనుకుని తానే ట్రిప్పు ముగించి మెసేజ్ పంపేస్తోంది. పేజీ తెరుచుకుంది కాబట్టి మావాళ్ళు పచ్చ రంగు పూశారు. గంట మోగలేదు కాబట్టి వేగం పెరిగిందని చప్పట్లు కొట్టారు.

మర్నాడు మీటింగ్‌లో అందరూ చూస్తుండగా ఆ పచ్చ గడిని ఎర్రగా మార్చాను. మూసాపేట మెసేజ్ తెర మీద పెట్టాను.

"చిన్న బగ్ అండి," అన్నాడు మా అధికారి. "మెల్లగా సరిచేద్దామండి. మిగతా ఫ్లోర్లన్నీ ఈ వారమే మారాలి, కస్టమర్‌కి మాటిచ్చాం."

"చిన్నది ఎవరికి? ఇంటికి కార్లో వెళ్ళే మీకా, ఆ సందులో నడిచే పిల్లకా?"

"మీరు పర్సనల్‌గా తీసుకుంటున్నారండి."

"అవును. దింపేది మనుషుల్ని కాబట్టి. డెస్క్ ఈ సాయంత్రమే పాత బ్రౌజర్‌కి తిరిగి వెళ్ళాలి. మిగతావాటిలోనూ పెట్టెలు ఎక్కడెక్కడ లేవాలో చూశాకే ఫ్లోర్లు మారతాయి. కాదంటే ప్లాన్ మీద నా పేరు తీసేసి మీ పేరు రాసుకోండి."

ఆయన పేరు రాసుకోలేదు. గొంతు తగ్గించి, "మీరు మార్పుకి వ్యతిరేకం అనుకుంటారండి జనం," అన్నాడు.

"అనుకోనీ."

అనుకున్నారు. ఆ కథ అక్కడ పుట్టింది.

తర్వాత పెట్టెని విడిగా లేవనక్కర్లేకుండా పేజీలోనే ఇమిడ్చి రాయించాం. మనిషి నొక్కితే తప్ప ట్రిప్పు ముగియదు. నేను మళ్ళీ మూసాపేట వెళ్ళి పరీక్షించాను. ఈసారి గంట మోగింది, డెస్క్ ఆయన ఫోన్ చేసి, "ఇంకా టీ కాడనే ఉన్నరా మేడమ్?" అన్నాడు. ఆలస్యంగానే అయినా కంపెనీ అంతా మారింది. చివరి కంప్యూటర్‌లోంచి పాత బ్రౌజర్‌ని నా చేత్తో నేనే తీసేశాను. కంట్లో నీళ్ళేం రాలేదు. బాలానగర్ అమ్మాయి ఎదురుపడినప్పుడు, ఫోన్ మోతకి నిద్ర చెడుతోందని వాళ్ళమ్మ మళ్ళీ తిడుతోందని చెప్పి నవ్వింది.

కానీ నా పని ఒకటి ఇంకా మిగిలింది. గంట మోగని ఆ రోజుల్లో దిగింది ఆమె ఒక్కతే కాదు. అలా దిగిన ప్రతి అమ్మాయినీ పిలిచి, ఆ రోజుల్లో ఏమైనా జరిగిందా అని అడుగుదాం అన్నాను. "ఏమీ జరగలేదు కదండి, ఒక్క కంప్లైంట్ కూడా లేదు," అన్నాడు మా అధికారి. మెయిల్ రాశాను, జవాబు లేదు. వాళ్ళలో కొందరు కంపెనీ వదిలేశారు, ఎందుకు వదిలేశారో నన్నెవరూ అడగనివ్వలేదు. క్యాంటీన్‌లో నా కథ చెప్పి నవ్వేవాళ్ళని నేనేమీ అనను. మా అధికారిని మాత్రం కనిపించినప్పుడల్లా అదే అడుగుతున్నాను, ఇక్కడ కూడా అదే అడుగుతున్నాను: ఒక్క అమ్మాయి గొంతూ వినకుండా, ఏమీ జరగలేదని మీకెలా తెలుసు?