కత్తి కింద నుంచి దోసకాయతో

ఆ రోజుల్లో మా వైపు మగపిల్లాడికి మీసం మొలవకముందే చేతిలోకి కర్ర వచ్చేది. ఆడపిల్లకు పుట్టుకతోనే నోరు వచ్చేది, అందులో నాకు కొంచెం ఎక్కువే వచ్చిందని మా అమ్మ అనేది. శృంగవరపుకోట సంతకు పోయే దారిలో, కొండల కింద మా ఊరు. ఎప్పుడో కోటల కాలంలో మా తాతల తాతలు కత్తులు పట్టి కనుమ దగ్గర కాపలా కాసేవారట, కొండ దాటి వచ్చే దోపిడీ దండును అక్కడే నిలబెట్టేసేవారట. నాకు ఊహ తెలిసేసరికి కోటా లేదు, దండూ లేదు. మిగిలినవి వరి చేలు, చోడి (రాగి) చేలు, వాటి మధ్యన గరిడీ. గరిడీ అంటే సాము నేర్చుకునే సాల. పొద్దుట నాగలి పట్టిన చేతులే సాయంత్రం అక్కడ కర్ర తిప్పేవి. కొట్టడానికి శత్రువు లేడు గనక ఒకరినొకరు కొట్టుకుని, తరవాత ఒకరి వీపుకి ఒకరు నూనె రాసుకుని ఇళ్ళకు పోయేవారు. (యుద్ధాలన్నీ ఇలా నూనె రాసుకోవడంతో ముగిస్తే బాగుణ్ణు అని ఇప్పుడనిపిస్తుంది.)

ఆ గరిడీకి గురువు మా మావ, మా అమ్మకు అన్న. ఆయన కొడుకు మా బావ. నన్ను బావకే ఇస్తారని నేను ఉయ్యాల్లో ఉండగానే అనుకున్నారు. అందుచేత బావ నాకు ఎదురు పడకూడదు, పడినా నేను చూడకూడదు, చూసినా చూసినట్టు ఎవరికీ తెలియకూడదు. ఈ మూడో నియమం తప్ప మిగతావి నేను పాటించిన గుర్తు లేదు.

ఏటా అమ్మవారి పండగ నాడు ఊరి బయట మైదానంలో సాము ఆడేవారు. కర్రసాము, కత్తిసాము అన్నీ అయ్యాక ఆఖర్న అసలు ఘట్టం. ఒక మనిషి నేల మీద వెల్లకిలా పడుకుంటాడు. అమ్మవారి పాదాల దగ్గర పెట్టి పసుపు రాసిన పచ్చి దోసకాయ అతని పొట్ట మీద ఉంటుంది. కత్తి పట్టినవాడి కళ్ళకు గంతలు. అతను డప్పుకి అడుగులు వేస్తూ తిరిగి తిరిగి వచ్చి, ఒకే వేటుకి కాయను రెండు చెయ్యాలి. పొట్ట మీద గీత పడకూడదు. ఆ కాయ ముక్కలే ప్రసాదం, అవి పంచేదాకా ఊళ్ళో పెద్దా చిన్నా ఎవరూ ముద్ద ముట్టరు. దీనికి ఇంకో కట్టుబాటు ఉంది. ఆ రోజు ఒరలోంచి తీసిన కత్తి అమ్మవారి కాయను కొయ్యకుండా మళ్ళీ ఒరలోకి పోకూడదు. పోతే ఆ ఏడు ఊరికి కీడు.

నేను చెప్పేది పంతొమ్మిది వందల డెబ్బైల్లోకి ఇంకా అడుగు పెట్టని రోజుల మాట. ఆ ఏడు మావ చేతికి వణుకు వచ్చింది. ఇక కత్తి బావ పట్టాలన్నారు. కాయ సరిగ్గా కోస్తే, అక్కడే, అందరి ఎదుటా, తాతల నాటి కత్తిని మావ తన చేత్తో, ఒరతో సహా, బావ చేతిలో పెడతాడు. అప్పటి నుంచి గరిడీకి బావే గురువు. ఈ కబురు తెలిసిన నాటి నుంచి కలుపు తీసే చేలో నా నోటికి విశ్రాంతి లేదు.

"ఏటే, మీ బావ ఈ యేడు గంతలు కట్టుకుంతాడంట గదా. సెయ్యి వణికితే ఏటవుద్దో!" అంది పక్క మడిలో పిల్ల.

"మా బావ సెయ్యి వణకదు. నానైతే ఆ కాయ పొట్ట మీద ఎట్టుకుని నిద్దరోతాను."

"నిద్దరోతావేటి?"

"గుర్రు కూడా పెడతాను. కావాలంటే సూడండి."

ఆ రోజు చేలో ఉన్న ఆడవాళ్ళంతా ఆ మాట విన్నారు. నాకు అప్పటికి చదువూ లేదు, రాతా లేదు (అక్షరాలు మనవలు పుట్టాక నేర్చుకున్నాను). ఉన్నది నోరొక్కటే, దాన్ని అన్ని పనులకూ వాడేసేదాన్ని.

ఏటా కాయ కింద పడుకునేవాడిని ఊరంతా బొండం అనేవారు. పొట్ట గుండ్రంగా, గట్టిగా, దేవుడు దోసకాయ పెట్టడానికే చేసినట్టు ఉండేది. సరిగ్గా పండగ పొద్దున అతని పెదనాన్న పోయాడని కబురు. మైల వచ్చింది. మైలలో ఉన్నవాడు అమ్మవారి కాయ ముట్టకూడదు. పొద్దు వాలేవేళకు మైదానం నిండింది. పక్క ఊరి గరిడీ వాళ్ళు కూడా వచ్చి మీసాలు దువ్వుకుంటూ ముందు వరసలో కూచున్నారు. మావ కత్తి ఒరలోంచి తీసి బావ చేతికిచ్చి, "ఎవులు పడుకుంతార్రా?" అన్నాడు. అంతసేపూ కర్రలు తిప్పి కేకలేసిన వీరులందరికీ ఒక్కసారిగా కాలి బొటనవేలు చూసుకోవలసిన అవసరం పడింది. ఒకడికి నడుం పట్టేసిందట, ఇంకొకడికి ఇంట్లో గేదె ఈనుతోందట. పక్క ఊరివాడు ఒకడు, "మీవోడి కత్తి మీద మీకే నమ్మకం నేదా ఏటి?" అని నవ్వాడు. బావ మొహం నల్లబడింది.

అప్పుడు నా వెనక నుంచి మోచేతి పోటు. "లెగవే. గుర్రు పెడతానన్నావు గదా!"

ఇంకో పోటు. "ఓలమ్మా, అప్పుడే నిద్దరొచ్చీసినాదా ఏటి?"

నేను లేచాను. ధైర్యంతో లేచానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను గానీ, నిజానికి ఆ పోట్లకే లేచాను. ఆడపిల్ల పడుకోవడమేటని పెద్దలు గుసగుసలు పోయారు. మా అయ్య "కూకోవే!" అని అరిచాడు. పూజారి మాత్రం, "అమ్మోరు ఆడది కాదేటి? ఆయమ్మ సేతిలోనే కత్తి ఉన్నాది" అనేశాడు. దాంతో ఇక కాదనేవాడు లేడు. మావ నా తల మీద చెయ్యి పెట్టి, "భయం నేదు గదమ్మీ?" అని అడిగాడు. "భయమేటి మావా!" అన్నాను. బావ నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. అంత నమ్మకంగా నన్ను అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆ తరవాత చాలాకాలం ఎవరూ చూడలేదు కూడా.

పడుకున్నాను. చీర కొంగు నడుముకు బిగించి కట్టి, దాని మీద కాయ పెట్టారు. చల్లగా ఉంది. కాయ ఇంత తేలికా, మధ్యలో ఉన్న గుడ్డ ఇంత పల్చనా అని అప్పుడే మొదటిసారి ఆలోచించాను. మెడ కింద చీమ పాకింది. డప్పు తాత (మా ఊరి డప్పు అంతా ఆయనదే) నెమ్మదిగా మొదలుపెట్టాడు. దడ్, దడ్. బావ కాళ్ళ గజ్జెలు ఒకసారి తలవైపు, ఒకసారి కాళ్ళవైపు. కత్తి గాలిని కోస్తున్న చప్పుడు. గుర్రు పెట్టడం మాట అటుంచి, ఊపిరి పీలిస్తే కాయ కదులుతుందేమోనని అది కూడా మానేశాను. ఇంతలో గజ్జెలు నా పక్కకు వచ్చి ఆగాయి. డప్పు ఒక్కసారిగా వేగం అందుకుంది. దడదడదడ! ఓలమ్మో, డప్పు తాతకే గుండె అదిరిపోయింది, నా పని అయిపోయింది అనుకున్నాను.

అంతే. కాయను రెండు చేతులా పట్టుకుని లేచి పరుగు.

పరుగుతో పోయినా బాగుండేది. డప్పు తాత నోరు తెరుచుకుని నావైపే తిరిగి చూస్తూ, చేతులు ఆపడం మరిచిపోయి నా వెనకే వచ్చాడు. దడదడదడ! గంతలు కట్టుకున్న బావకు డప్పే దారి. అది ఎటు పోతే అతనూ అటే, కత్తి పైకెత్తి. ముందు దోసకాయతో నేను, వెనక డప్పు, దాని వెనక కత్తి. ముందు వరసలో మీసాలు దువ్వుకుంటున్న వీరులు చెల్లాచెదురుగా పారిపోయారు. (వాళ్ళు పారిపోవడం ఎవరికీ గుర్తు లేదు, నాదే గుర్తుంది. లోకం తీరు అంతే.) "డప్పాపరా ముసిలోడా!" అని మావ అరుస్తున్నాడు. "పడుకోవే, పడుకో!" అని మా అయ్య. నేను వెనక్కి చూడకుండా మా పశువుల సాల దాకా పోయి, గడ్డిలో దూరిపోయాను.

అక్కడ కూచుని ఏడ్చాను. ఎంతసేపని ఏడుస్తాను? పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఒళ్ళో కాయ. ఊరికే వాసన చూద్దామనుకున్నాను. తరవాత కొంచెం కొరికాను, అమ్మవారికి తెలియనంత. తరవాత జరిగింది నాకు సరిగ్గా గుర్తు లేదు. అత్త, అంటే బావ తల్లి, గడ్డి తప్పించి చూసేసరికి నా మూతి నిండా పసుపు, చేతిలో తొడిమ దగ్గరి చేదు ముక్క.

"కాయేదే?"

నేను ముక్క చూపించాను.

"మిగిలింది?"

నేను తల వంచుకున్నాను. అత్త ఒంగి నా జుట్టులోని గడ్డి తీస్తూ, "కత్తి బయటుందే గుంటా! అక్కడ ఆడు కత్తి దించకుండా నిలబడున్నాడు. ఊరంతా ఆకలితో కూకున్నాది. నువ్వొక్కర్తివే తినీసినావేటే?" అంది. తిట్టినా బాగుండేది. నెమ్మదిగా అంది.

చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకుపోయింది. ఆ దారి అంత పొడుగుంటుందని నాకు తెలియదు. అందరూ నా మూతివైపే చూస్తున్నారు. తుడుచుకోవాలని కూడా తోచలేదు. బావ గంతలు విప్పకుండా, కత్తి చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. మావ నా చేతిలోని ముక్క తీసుకుని, తిప్పి చూశాడు. "ఇంకో కాయ ఎట్టీ, మావా" అన్నారెవరో. "అమ్మోరి కాడ ఎట్టిన కాయ ఇదే. ఇదే తెగాల" అన్నాడు మావ. తరవాత చొక్కా విప్పేసి, నేల మీద వెల్లకిలా పడుకుని, బొటనవేలంత ఉన్న ఆ తొడిమ ముక్కను తన పొట్ట మీద తనే పెట్టుకున్నాడు. "కొట్టరా" అన్నాడు.

డప్పు మొదలైంది. నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, తరవాత దడదడదడ! బావ చెయ్యి దిగింది. ముక్క రెండయింది. మావ లేచి పొట్ట తడుముకుని చూపించాడు, గీత లేదు. జనం కేకలు వేశారు. పూజారి ఆ తునకలను గోరుతో గిల్లి ఎందరికి పంచగలడో అందరికీ పంచాడు. చేదుగా ఉందని ఒక్కరూ అనలేదు. కత్తి ఒరలోకి పోయింది.

కానీ బావ చేతిలోకి పోలేదు. "ఆడు బాగానే కొట్టినాడు. కాయ మాత్రం కాయ కాదు. వొచ్చే యేడు నిండు కాయ కోసి తీసుకుంతాడు" అని మావ కత్తిని తీసుకుని ఇంటికి పోయాడు. ఆ రాత్రి మా అరుగు మీద కూచున్న డప్పు తాత నాతో, "పిచ్చిగుంటా, కత్తి నీ మీదికి సరిగ్గా వొచ్చీసినాదని నాను బేగి కొట్టినాను. ఆడి కళ్ళు నా సేతుల్లో ఉంతాయే. ఇంకొక్క దెబ్బ ఆగుంటే అయిపోయేదే" అన్నాడు. అంటే అన్నీ సరిగ్గా ఉన్న క్షణం చూసుకుని మరీ నేను పారిపోయానన్నమాట.

వచ్చే ఏడు రాలేదు. ఏడాది వచ్చింది, పండగ రాలేదు. కొండల్లో గొడవలు రేగాయని, ఇళ్ళల్లో కత్తులు ఉండకూడదని చెప్పి పోలీసులు ఊరూరా కత్తులు పట్టుకుపోయారు. మావ తాతల నాటి కత్తికి నూనె రాసి, గుడ్డ చుట్టి ఇచ్చేశాడు. ఆ కత్తి మళ్ళీ ఊరు చేరలేదు. మావ కూడా ఆ తరవాత ఎంతోకాలం లేడు. బావ కర్రసాము నేర్పాడు గానీ, ఎవరూ అతన్ని గురువు అని పిలవలేదు. నన్ను మాత్రం బావతోనే పెళ్ళయి, పిల్లలు పుట్టినా దోసకాయమ్మ అనే పిలిచారు. ఆ పిలుపుకు నేను నవ్వేదాన్ని. బావ నవ్వేవాడు కాదు. అలాగని నన్ను ఒక్క మాట అన్నదీ లేదు. ఆ ఒక్క మాట అని ఉంటే నా సిగ్గు ఎప్పుడో తీరిపోయేది.

మొన్న బావ కంటికి శుక్లం తీశారు. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ఎప్పుడో మసకబారింది. అయినా చెయ్యి పట్టుకోనివ్వడు. మంచం మీంచి లేచి, గోడ తడుముకుంటూ పెరట్లోకి పోబోతుంటే, గడప తన్నుకుంటాడని నాకు భయం వేసింది. చేతికి ఇత్తడి పళ్ళెం దొరికింది. పెరటి గుమ్మంలో నిలబడి గరిటెతో కొట్టాను. దడ్, దడ్. అతను ఆగి, తల పక్కకు వంచి విన్నాడు. తరవాత గోడ వదిలేసి, పాత రోజుల్లోలా అడుగు ఎత్తి వేస్తూ వచ్చాడు. గడప దగ్గరకు వచ్చేసరికి వేగంగా కొట్టాను. సరిగ్గా అక్కడ కాలెత్తి దాటాడు.

"ఏటే," అన్నాడు, "ఈపాలి పళ్ళెం అట్టుకుని పారిపోవు గదా?"

ఇన్నేళ్ళలో ఆ రోజు సంగతి అతను ఎత్తడం అదే మొదలు. నాకు నవ్వొచ్చింది, కళ్ళు కూడా తడిశాయి. ఉన్నచోటే నిలబడి, అతను నూతి పక్కన అరుగు మీద కూచునేదాకా వాయిస్తూనే ఉన్నాను.