చవక వైనూ, మా ఆవిడ ముక్కూ

ముందు మా ఆవిడ ముక్కు సంగతి చెప్పాలి. ఆమె పుట్టింది కొల్లేరు ఒడ్డున, చేపలు పట్టే ఇంట్లో. ఏలూరు మార్కెట్లో గంపకి నాలుగడుగుల దూరంలో నిలబడి, "ఇది చెరువు చేప. కొల్లేటిదని నాకు చెప్పకండి" అనేసేది. అమ్మే మనిషి కిమ్మనకుండా గంప మార్చేవాడు. కూరలో ఉప్పు చూడ్డానికి ఏనాడూ గరిటె నాలుక మీద పెట్టి ఎరగదు. పులుసు ఉడికే వాసనని బట్టే చెప్పేసేది. నేను కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. నాకు ముక్కు ఉన్నది కళ్లజోడు నిలబడడానికే.

అలాంటి మనిషికి పోయిన దసరా ముందు జ్వరం వచ్చి, వాసనా రుచీ రెండూ పోయాయి. జ్వరం తగ్గింది గానీ అవి రాలేదు. నెల్లాళ్లు ఓపిక పట్టి, ఒకరోజు గరిటె కింద పెట్టేసి, "నా వంట పాడైందని ఎవరైనా ఒక్క ముక్క అననివ్వండి, ఇంక ఈ వంటింటి మొహం చూడను" అంది. ఊరికే అనే మనిషి కాదు. వంట మానేస్తే మా ఆవిడలో ఇంకేం మిగులుతుందో నాకు తెలియలేదు.

అందుకని అబద్ధం మొదలుపెట్టాను. సరిపోలేదేమోనన్న అనుమానంతో ఆవిడ ఉప్పు రెండుసార్లు వేసేది. నేను "బ్రహ్మాండం!" అంటూ మారు వడ్డించుకునేవాణ్ణి. గణపవరం నుంచి మా తోడల్లుడు వచ్చాడు. ముద్దకో గ్లాసు నీళ్లు తాగుతూ, "అబ్బో, అదిరిందండీ వదినగారూ" అన్నాడు. మా వైపు మర్యాదే అంత, ప్రాణం పోతున్నా వంట బాగోలేదని అనరు. బీపీ డాక్టరు మాత్ర డోసు పెంచి, "ఉప్పు తగ్గించారా?" అని అడిగితే, "అసలు ముట్టుకోవడమే లేదండీ" అన్నాను.

ముక్కు డాక్టరేమో రోజూ నాలుగు రకాల వాసనలు పీల్చమన్నాడు. లవంగం, నిమ్మచెక్క, యాలకులు, కర్పూరం. పదిరోజులకి, "పూజ సామాను ముందు కూర్చోబెట్టినట్టుందండీ" అని మానేసింది. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఒక వీడియో చూశాను. ఒకాయన చవక వైన్లు వరసగా పెట్టుకుని, గ్లాసులో ముక్కు దూర్చి, ఒక్కోదాంట్లో పదేసి వాసనలు చెప్పేస్తున్నాడు. ఏ వంటకానికి ఏది నప్పుతుందో కూడా చెబుతున్నాడు. ఒక్క సీసాలో పది వాసనలు! ఇంకేం కావాలి అనుకున్నాను.

ఏలూరులో కొంటే తెలిసినవాళ్లు చూస్తారని తాడేపల్లిగూడెం బస్సెక్కాను. షాపులో వైన్ అడిగితే, అమ్మే ఆయన నాకేసి జాలిగా చూసి, "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదాండీ?" అన్నాడు. నిజమే కాబట్టి అవునన్నాను. అట్టడుగు అరలోంచి మూడు సీసాలు తీసి దుమ్ము దులిపాడు. ఎన్నాళ్ల నుంచి ఉన్నాయని అడిగితే, "పాతదైతేనే మంచిదంటారు కదండీ!" అన్నాడు. అన్నిట్లోకీ చవకవి అవే. సంచిలో పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఎదురుగా మా ఆఫీసు పాత హెడ్ క్లర్కు గారు, ఆయనా ఏలూరు నుంచే వచ్చారు. "ఎండ బాగా ఉందండీ" అన్నాను. "బాగా ఉందండీ" అన్నారు. ఇద్దరం ఒకరి సంచీ ఒకరం చూడకుండా విడిపోయాం.

ఇంటికొస్తే ఆవిడ ససేమిరా అంది. "శనివారం ద్వారకా తిరుమల వెళ్లాలని నేననుకుంటుంటే, ఈ పాపిష్టిది నా ముక్కు దగ్గర పెడతారా?" కాళ్లు పట్టుకోవడమొక్కటే తక్కువగా బతిమాలాను. చివరికి స్టీలు గ్లాసులో ముక్కు పెట్టింది. ఏ వాసనా తెలియలేదు. ఆ కోపంలో ఒక గుక్క తాగేసింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"తడిగా ఉంది."

అలా ప్రతి ఆదివారం మధ్యాహ్నం గుక్కెడు వైనూ, ఒక వంటకం. తియ్యగా ఉన్న ఎర్ర వైను రొయ్యల వేపుడు కారాన్ని కాస్త చల్లార్చింది. తెల్ల వైను కొరమేను వేపుడుతో నిజంగానే కుదిరింది, నిమ్మకాయ పిండుకోవలసిన పని లేకపోయింది. అదే వైను గోంగూరతో తాగితే నా దవడలు పట్టేశాయి. అన్నీ నోటుపుస్తకంలో రాసేవాణ్ణి. నా వైపు, వీడియోలోంచి ఎత్తి రాసిన "పండు మామిడి, తేనె, పూలు". ఆవిడ వైపు, "తడిగా ఉంది", "చల్లగా ఉంది", "కిందటివారం కన్నా తక్కువ తడి".

వేసవి వచ్చేసరికి మూడో సీసా ఒక్కటే మిగిలింది. ఆ ఆదివారం బొమ్మిడాయిల పులుసు. సీసా బిరడా రాకపోతే స్క్రూడ్రైవరుతో పొడిచాను, అది కాస్తా లోపల పడింది. నేనొక గుక్క తాగి, అలవాటుకొద్దీ "బ్రహ్మాండం!" అన్నాను. ఆవిడ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, చటుక్కున దూరంగా తోసేసింది.

"ఛీ ఛీ! ఏంటండీ ఈ కంపు! వానకి తడిసి ముక్కిన గోనెసంచిలా!"

"అబ్బే, మంచి పూల వాసనోయ్" అన్నాను. అనేశాక గాని నాకు వెలగలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను లేచి నిలబడి గంతులేయబోతున్నాను. ఆవిడ నా కంచంలో వేలు ముంచి, పులుసు నాలుక మీద పెట్టుకుంది.

నా గంతు అక్కడే ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నుంచండీ ఇలా?"

నేను కంచం నా వైపు లాక్కున్నాను.

"నిన్న మారు వడ్డించుకున్నారు కదండీ. మొన్న కూడా. ఉప్పెక్కువైందని ఒక్క మాట అనలేకపోయారా?"

"అంటే నువ్వు వంట మానేస్తావని."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మానేద్దామనే అనుకున్నానండీ. మీరు మారు వడ్డించుకున్నప్పుడల్లా, పోనీలే, నా చెయ్యింకా పాడవలేదు అనుకునేదాన్ని."

పులుసు గిన్నె దొడ్లో పారబోసి వచ్చింది. ఫ్రిజ్‌లో మిగిలిన బొమ్మిడాయిలు తీసి, మళ్లీ చింతపండు నానబెట్టింది. పొయ్యి ముందు నిలబడి ముక్కు ఎగబీలుస్తూ, ఒక్కసారే ఉప్పు వేసింది. మూడింటికి వేడివేడిగా వడ్డించి, నా ఎదురుగా కూర్చుంది.

"ఈసారి నిజం చెప్పండి."

ధైర్యం కూడగట్టుకున్నాను. "ఉప్పు... బాగా తక్కువైందే."

ఆవిడ వేలు ముంచి రుచి చూసింది. మళ్లీ ముంచి, ఇంకోసారి చూసింది.

"ఉప్పు సరిగ్గానే ఉందండీ. ఇన్నాళ్లూ నా ఉప్పు తిని తిని, మీ నాలుకే చచ్చిపోయింది."

చప్పిడి పులుసు కలుపుకుని ఇంకో ముద్ద తిన్నాను. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

"నోర్ముయ్యండి" అంది, మారు వడ్డిస్తూ.